మూడో తరగతి పిల్లకి ‘షి గోస్’ అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

రాజాం అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. రైమ్స్, స్పెల్లింగులు బాగానే వస్తాయి. గ్రామర్ దగ్గరే టెన్షన్. వర్క్‌బుక్‌లో ‘షి గో టు స్కూల్’ అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘గోస్’ అని దిద్దారు. సరే కదా అని తర్వాతి ప్రశ్నలో ‘డజ్ షి గోస్ టు స్కూల్?’ అని రాసింది. అదీ కొట్టేశారు. “ఒకచోట పెట్టమంటారు, ఇంకోచోట తీసెయ్యమంటారు, ఏటమ్మా ఇది” అని నన్ను అడుగుతోంది. నేను డిగ్రీ వరకు తెలుగు మీడియమే. ‘థర్డ్ పర్సన్ సింగులర్’ అని రూల్ చదివి వినిపించగలను. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట ఏం తలకెక్కుతుంది? పైగా ఇదే యూనిట్‌లో ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ కూడా ఉన్నాయి. ఇంట్లో ఎలా చెప్పాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ట్యూషన్ పెట్టించమని మాత్రం అనకండి.

ఆమదాలవలస కుర్రాడు:
మేడమ్, నేను చదువుకునేటప్పుడు ఒక చిట్కా చెప్పారు. వాక్యానికి ‘ఎస్’ ఒక్కటే ఇస్తారు. పేరైనా తీసుకోవాలి, పనైనా తీసుకోవాలి. ‘ది బాయ్స్ రన్’ అంటే పేరు తీసుకుంది. ‘ది బాయ్ రన్స్’ అంటే పని తీసుకుంది. ఇద్దరికీ ఇవ్వరు.

పలాస నాన్న:
‘చిల్డ్రన్ రన్’లో ఎస్ ఎవరు తీసుకున్నారు తమ్ముడూ? ‘ఐ రన్’లో? మా వాడు ఇదే అడిగి నా నోరు మూయించాడు.

ఆమదాలవలస కుర్రాడు:
అన్నా, అవి ఎక్సెప్షన్ 🙂

పలాస నాన్న:
ఆ మాట వింటే చాలు, మా వాడు పుస్తకం మూసేస్తాడు.

కంటోన్మెంట్ మాస్టారు:
రాజాం అమ్మగారూ, నేను విజయనగరంలో ఉంటాను, ఎలిమెంటరీ స్కూళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. మీ పాప అడిగినది న్యాయమైన ప్రశ్న. పుస్తకాలు దానికి జవాబు చెప్పవు, రూలు చెప్పి ఊరుకుంటాయి.

ముందు తెలుగు దగ్గర మొదలుపెట్టండి. నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు, వాడు వెళ్తాడు, అది వెళ్తుంది, వాళ్ళు వెళ్తారు. మీ పాప బడికి రాకముందే ఇవన్నీ తప్పులేకుండా మాట్లాడింది. ‘నేను వెళ్తాడు’ అని పొరపాటున కూడా అనదు. ఎవరి గురించి చెబుతున్నామో దాన్నిబట్టి క్రియకి తోక మారాలన్న సంగతి ఆ పిల్లకి ఎప్పుడో తెలుసు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇలాంటి తోకలు చాలా ఉండేవి. కాలక్రమంలో రాలిపోయి ఒక్కటే మిగిలింది. హి, షి, ఇట్ అని చెప్పుకోగలిగే ఒక్కరి గురించి, ఇప్పటి సంగతో రోజూ జరిగే సంగతో చెప్పేటప్పుడు వచ్చే ఎస్ అది. “నీకు తెలుగులో ఇన్ని వచ్చు, ఇక్కడ ఒక్కటే గుర్తుపెట్టుకో” అంటే పిల్లకి భయం సగం పోతుంది.

ఇక రెండో కొట్టివేత. దానికి నాలుగు చీటీలు రాయండి: షి, గో, డూ, ఇంకొకటి ‘ఈఎస్’ అక్షరాలు. ఈఎస్ చీటీ ఒక్కటే ఉండాలి, అదే కిటుకు. ‘గో’ పక్కన పెడితే గోస్. ప్రశ్న అడగాలంటే ‘డూ’ని ముందుకి తెచ్చి, గో దగ్గరున్న ఆ చీటీని తీసి డూ పక్కన పెట్టాలి. డూ కాస్తా డజ్ అయింది. గో దగ్గర చూస్తే ఏమీ లేదు. ‘డజ్ షి గో?’ అన్నది పిల్ల తన చేత్తో తయారుచేసుకుంటుంది. ‘షి డజ్ నాట్ గో’ కూడా అంతే. ఒక్క చీటీ రెండుచోట్ల ఉండదు కాబట్టి ‘డజ్ షి గోస్’ అని పెట్టడానికి వీలే ఉండదు.

ఆమదాలవలస బాబు చెప్పిన చిట్కా చెడ్డదేమీ కాదు. కానీ అది పరీక్ష హాల్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది, అర్థం చేసుకోవడానికి కాదు.

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
మాస్టారు చెప్పిన చీటీల పద్ధతి ‘డిడ్’కి కూడా పనికొస్తుందండీ. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ‘డిడ్ యు వెంట్?’ అనని పిల్లాడు లేడు. పెద్దవాళ్ళూ అంటారనుకోండి. ‘వెంట్’ అంటే డిడ్, గో రెండూ కలిసిపోయిన ముద్ద అని చెప్తాను. డిడ్ బయటికొచ్చి నిలబడితే లోపల గో మాత్రమే మిగులుతుంది. ‘ఏట్’లోంచి డిడ్ తీస్తే ఈట్. ‘కేమ్’లోంచి తీస్తే కమ్. చీటీలతో కాకుండా నోటితోనే ఆడిస్తాను. నేను ‘వెంట్’ అంటాను, వాళ్ళు ‘డిడ్ గో’ అనాలి. నేను ‘సా’ అంటే వాళ్ళు ‘డిడ్ సీ’. పది నిమిషాల్లో గది దద్దరిల్లిపోతుంది, పక్కింటివాళ్ళు మాత్రం నన్ను తిడతారు.

బొబ్బిలి ఇంగ్లీషు టీచర్:
క్షమించండి, నేను ఒప్పుకోను. ప్రైవేటు స్కూల్లో ప్రైమరీకి ఇంగ్లీషు చెప్తున్నాను. పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చడమే అసలు జబ్బు. ‘ఐ యామ్ హావింగ్ టూ పెన్స్’ ఎక్కడినుంచి వచ్చింది? ‘షి టీచర్’ అని ‘ఈజ్’ లేకుండా ఎందుకు రాస్తారు? ‘ఆమె టీచర్’ అన్నదాన్ని అలాగే దింపేశారు కాబట్టి. మీరు మళ్ళీ తెలుగు నుంచే మొదలుపెట్టమంటున్నారు. ఒకటి, రెండు తరగతుల్లో గ్రామర్ మాటే ఎత్తకుండా ఇంగ్లీషు వినిపించాలి, మాట్లాడించాలి. కథలు చదివి వినిపిస్తే ‘షి గోస్’ చెవికి అలవాటవుతుంది. ‘షి గో’ అంటే చెవికే తేడాగా తగులుతుంది. అప్పుడు చీటీలూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు.

కంటోన్మెంట్ మాస్టారు:
ఒకటి, రెండు తరగతుల గురించి మీరన్నది అక్షరాలా నిజం మేడమ్. ఆ వయసుకి రూలు చెప్పకూడదు. కానీ చెవికి అలవాటు కావాలంటే ఆ భాష చుట్టూ వినిపించాలి కదా. మన పిల్లలు బడిలో కొద్దిసేపు వింటారు, ఆటో ఎక్కగానే తెలుగు. ఇంట్లో తెలుగు, అంగట్లో తెలుగు. వద్దన్నా మనసులో తెలుగు నుంచి మార్చుకుంటూనే ఉంటారు. మనం దాని గురించి మాట్లాడకపోతే అది ఆగదు, మనకి కనబడకుండా జరుగుతుంది, అంతే. ‘షి టీచర్’ అని రాసిన పిల్లకి “తెలుగులో ఇక్కడ క్రియ అక్కర్లేదు, ఇంగ్లీషు వాక్యం క్రియ లేకుండా నిలబడదు” అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ తేడా తెలియని పిల్ల అదే తప్పు ఐదో తరగతి దాకా మోస్తుంది.

బొబ్బిలి ఇంగ్లీషు టీచర్:
మా స్కూల్లో తెలుగు మాట్లాడితే పేరెంట్స్ ఊరుకోరండీ. ఆ గొడవ వేరు.

సీతంపేట ఎస్జీటీ:
మేడమ్, ప్రభుత్వ బడుల్లో మాకు ఆ గొడవ లేదు. మా పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలంది.

నా ఇబ్బంది ఇంకోటి. మాది ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాయే, 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. మా బళ్ళో చాలామంది సవర పిల్లలు. వాళ్ళకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మాస్టారు చెప్పినట్టు ‘వెళ్తాను, వెళ్తావు’ అంటే ఒకటో తరగతి పిల్లలు అందులోనే తడబడతారు. ఇంటి భాష దగ్గర మొదలుపెట్టమనే మాట మా దగ్గర సవర దగ్గర మొదలుపెట్టమని అర్థం. నేను నాలుగు సవర మాటలు పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే మన్యంలో ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అంత పని చేసిన నేల మీద ఇప్పటికీ ఈ సమస్య ఉండటం నాకు మింగుడు పడదు. అయితే చీటీలకి ఏ భాషా అక్కర్లేదు కాబట్టి రేపే చేసి చూస్తాను.

పలాస నాన్న:
గొప్ప విషయాలు తర్వాత మాట్లాడుకుందాం. ‘యాన్ అవర్’ సంగతి ఎవరైనా చెప్పండి. ఏ, ఈ, ఐ, ఓ, యు ముందు ‘యాన్’ అని పుస్తకంలో ఉంది. ‘అవర్’ హెచ్‌తో మొదలవుతుంది, ‘యూనివర్సిటీ’ యు‌తో మొదలవుతుంది. రెండూ తిరగబడ్డాయి.

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
ఇది మాత్రం తెలుగు పిల్లలకి అందరికంటే సులువు. ఇంగ్లీషు మాటని తెలుగు అక్షరాల్లో రాయించండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’. అవర్, మొదటి అక్షరం అ, అచ్చు. యాన్ అవర్. యూనివర్సిటీ, మొదటి అక్షరం య, హల్లు. ఎ యూనివర్సిటీ. వన్ రూపీ కాయిన్, వ, హల్లు. ఆనెస్ట్ మ్యాన్, ఆ, అచ్చు. ఇంగ్లీషు అక్షరం మోసం చేస్తుంది కానీ తెలుగు రాత పలికిందే రాస్తుంది. ఇంగ్లీషు మాత్రమే చదివిన పిల్లలకి ఈ సౌకర్యం లేదు.

మా పిల్లలతో ఆఫీసుల ఆట ఆడిస్తాను. ఎమ్మార్వో? యాన్. వీఆర్వో? ఎ. ఎస్సై? యాన్. డీఎస్పీ? ఎ. ఎమ్మెల్యే, ఎంపీ, ఎల్ఐసీ ఏజెంట్, ఆర్టీసీ బస్సు అన్నీ యాన్.

ఆమదాలవలస కుర్రాడు:
అక్కా సూపర్! ఇన్నేళ్ళుగా ‘ఎ ఎంబీఏ’ అని రాస్తున్న మా మేనేజర్‌కి ఇది పంపిస్తా.

రాజాం అమ్మ:
అక్కా, పాపతో ఇప్పుడే చేయించాను. అవర్, యూనివర్సిటీ, అంబ్రెల్లా, యూనిఫామ్ అన్నీ సరిగ్గా చెప్పింది. ‘ఎగ్’ దగ్గర మాత్రం ‘యెగ్గు’ అని రాసి “య హల్లు కదా, ఎ ఎగ్” అంది. ఏం చెప్పాలి?

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
హహ్హా, పిల్ల చెప్పిన లెక్క ప్రకారం అది కరెక్టే! మన నోరు ఎ, ఏ అన్న అక్షరాల ముందు కాస్త యకారం దూర్చేస్తుంది. మనం ఏటి అని రాసి యేటి అంటాం, ఎల్లిపోయాడు అని రాసి యెల్లిపోయాడు అంటాం. ఎమ్మెల్యే కూడా యెమ్మెల్యే. ఒకారం దగ్గర వకారం వస్తుంది. పాపని కోప్పడకుండా, ‘ఆపిల్’ అన్నప్పుడు నోరు ఎలా తెరుచుకుంటుందో అలాగే తెరిచి ‘ఎగ్’ అనమనండి. ఇలాంటివే ‘ఇయర్’లు రెండు. చెవికి యాన్, సంవత్సరానికి ఎ. సంవత్సరం ముందు నిజంగానే యకారం ఉంది, చెవి ముందు లేదు. మన నోట్లో రెండూ ఒకేలా వస్తాయి కాబట్టి ఈ జంటని విడిగా చెప్పాల్సిందే.

కంటోన్మెంట్ మాస్టారు:
అక్కగారు చెప్పినదానికి చిన్న చేర్పు. అసలు ఆ నకారం ఎందుకు? రెండు అచ్చులు పక్కపక్కన వస్తే పలకడం కష్టం. తెలుగు అక్కడ యకారం తెచ్చిపెడుతుంది: మా అమ్మ, మాయమ్మ. దీన్నే వ్యాకరణంలో యడాగమం అంటాం. ఇంగ్లీషు అదే చోట నకారాన్ని వాడుకుంటుంది. అందుకే ‘యాన్’, ‘ఆపిల్’ అని విడగొట్టి చెప్పించకండి. ‘యానాపిల్’, ‘యానెగ్’ అని సంధి చేసినట్టు కలిపి పలికిస్తే నోరే రూలు నేర్చుకుంటుంది. బొబ్బిలి మేడమ్ గారు చెవికి అలవాటు కావాలన్నారే, అది సరిగ్గా ఇక్కడ పనిచేస్తుంది.

బొబ్బిలి ఇంగ్లీషు టీచర్:
అమ్మయ్య, ఒక్కటైనా ఒప్పుకున్నారు 🙂 మాస్టారూ, మరి ‘వాటర్ ఆర్ కమింగ్’ అనే పిల్లల్ని ఏం చెయ్యమంటారు? నా క్లాసులో ఏటా నలుగురైదుగురు ఉంటారు. అన్‌కౌంటబుల్ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

కంటోన్మెంట్ మాస్టారు:
నీళ్ళు వచ్చాయి. పాలు విరిగాయి. మనకి నీళ్ళు, పాలు రెండూ బహువచనమే కదా మేడమ్. పిల్లకి అవి ‘అవి’యే. లెక్కపెట్టలేనివి అని చెప్తే ఆ పిల్ల “రెండు గ్లాసుల నీళ్ళు లెక్కపెట్టొచ్చు కదా టీచర్” అంటుంది. తేడా ఉన్నచోటే చెప్పండి: తెలుగులో నీళ్ళు చాలా, ఇంగ్లీషులో నీరు ఒకటే. మనకి ‘నీరు’ అన్న ఏకవచనం ఉండనే ఉంది, దాన్ని పట్టుకోమనండి. నీరు వచ్చింది, వాటర్ ఈజ్ కమింగ్. పాలకి అలాంటి దారి లేదు, కంఠతా పట్టించాల్సిందే.

తిరగేసినవీ ఉన్నాయి. మన కత్తెర ఒకటే, వాళ్ళ సిజర్స్ బహువచనం. మన కళ్ళజోడు ఒకటే, వాళ్ళ స్పెక్టకిల్స్ బహువచనం. జుట్టు మాత్రం ఇద్దరికీ ఏకవచనమే, అయినా పిల్లలు ‘హెయిర్స్’ అంటారు, ఎందుకంటే తలలో చాలా వెంట్రుకలున్నాయి కదా.

పలాస నాన్న:
‘మై టీచర్ ఆర్ కమింగ్’ కూడా ఇలాంటిదేనా మాస్టారూ? మా వాడు ‘మై ఫాదర్ ఈజ్’ అని కరెక్టుగా రాసి, టీచర్ దగ్గరికి వచ్చేసరికి ‘ఆర్’ అని రాశాడు.

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
అన్నయ్యా, మీ ఇంట్లో ‘నాన్న వచ్చాడు’ అంటాడు కాబట్టి. టీచర్‌ని మాత్రం ‘టీచర్ గారు వచ్చారు’ అంటాడు. గౌరవం తీసుకెళ్ళి ఇంగ్లీషు క్రియ మీద పెట్టాడు, మంచి పిల్లాడు! ఇంగ్లీషు క్రియకి మర్యాద లేదని చెప్పండి. కలెక్టర్‌కైనా ‘ఈజ్’, కుక్కపిల్లకైనా ‘ఈజ్’.

చెల్లి గురించి ‘ఇట్ ఈజ్ క్రయింగ్’ అనడం కూడా ఇదే కుటుంబం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, తెలుగు క్రియలో తేడా ఏదీ? ఇంట్లో చెల్లిని ‘అది’ అంటాం. పిల్లకి ‘అది’ అంటే ఇట్ అని బడిలో నేర్పాం. తప్పెవరిది?

సీతంపేట ఎస్జీటీ:
‘ఎ’, ‘ది’ ఎక్కడ ఏది పెట్టాలో చెప్పడానికి మీరేం చేస్తారు? మా ఐదో తరగతికి అదే పెద్ద తలనొప్పి. తెలుగులో ఆర్టికల్సే లేవు.

కంటోన్మెంట్ మాస్టారు:
పేరు లేదు కానీ పని ఉంది. అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి ఒక, రెండోసారి ఆ. ఇంగ్లీషులో మొదటిసారి ఎ, రెండోసారి ది. వినేవాడికి కొత్తయితే ఎ, ఏదో తెలిసిపోయాక ది. ఏడు చేపల కథ మొత్తం పిల్లల చేత ఇలా చెప్పించవచ్చు. మీ సవర పిల్లలకి వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే కథ ఏదైనా తీసుకోండి.

ఇది ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసుండాలి. ‘ది సన్’ని మనం ఆ సూర్యుడు అనం. లోకంలో ఒక్కటే ఉన్నవి వినేవాడికి ముందే తెలుసు కాబట్టి మొదటిసారే ‘ది’ వస్తుందని అప్పుడు చెప్పాలి. ఊళ్ళ పేర్లకి మాత్రం ఏదీ వద్దు. ‘ది శ్రీకాకుళం’ అని రాసేవాళ్ళున్నారు. నది పేరుకైతే కావాలి, ‘ది నాగావళి’, ‘ది వంశధార’.

ఆమదాలవలస కుర్రాడు:
ఇన్, ఆన్, ఎట్ కూడా ఎవరైనా చెప్పెయ్యండి, ఒక పనైపోతుంది.

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
అది ఒక్క పోస్టులో అయ్యేది కాదు తమ్ముడూ. సమయాల వరకు చెప్తాను. నెలకి ఇన్, రోజుకి ఆన్, గంటకి ఎట్. పెద్దది, మధ్యది, చిన్నది. పైడితల్లమ్మ సిరిమాను దసరా వెళ్ళిన మంగళవారం కదా, ఆన్ ట్యూస్‌డే. అది అక్టోబర్‌లో పడితే ఇన్ అక్టోబర్. బండి మూడింటికి కదిలితే ఎట్ త్రీ. వాహనాలకి ఇంకో లెక్క. లోపల లేచి నడవగలిగితే ఆన్: ఆన్ ది బస్, ఆన్ ది ట్రైన్. నడవలేనివాటికి ఇన్: ఇన్ ది ఆటో, ఇన్ ది కార్. బండి పైన కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చుంటే మళ్ళీ ఆన్.

పలాస నాన్న:
మా రూట్‌లో ఆటోల్లో వేలాడతారు అక్కా, దానికేటి?

శ్రీకాకుళం ట్యూషన్ అక్క:
దానికి ‘అవుట్ ఆఫ్’ అన్నయ్యా 😄

బొబ్బిలి ఇంగ్లీషు టీచర్:
నవ్వులాట సరే, నాదొక మాట. కొన్ని స్కూళ్ళలో పిల్లలు ‘ఏటి’, ‘ఎల్తాను’ అంటే వెక్కిరిస్తారు. టీచర్లే నవ్వుతారు. తెలుగులో మాట్లాడితే యాసని నవ్వుతారు, ఇంగ్లీషులో మాట్లాడితే గ్రామర్‌ని నవ్వుతారు. చివరికి పిల్ల నోరు విప్పదు. నోరు విప్పని పిల్లకి ఏ చీటీలూ పనికిరావు. నా క్లాసులో మాట్లాడేటప్పుడు తప్పు దిద్దను. ‘షి గో టు మార్కెట్’ అంటే, ‘ఓ, షి గోస్ టు మార్కెట్! వెన్?’ అని నేను సరిగా తిప్పి చెప్పి సంభాషణ కొనసాగిస్తాను. రాతలో మాత్రం దిద్దుతాను, అదీ ఒకసారికి ఒక్క రకం తప్పే.

రాజాం అమ్మ:
మేడమ్, మీరు మా పాప స్కూల్లో ఉంటే బాగుండేది.

పలాస నాన్న:
ఆఖరిది. ‘వాక్డ్’ని ఎలా చదవాలి? మా వాడు ‘వాకెడ్’ అంటాడు, వాడి మిస్ ‘వాక్ట్’ అన్నారట. రాసింది ‘ఈడీ’ కదా, ‘ట’ ఎక్కడినుంచి వచ్చింది?

కంటోన్మెంట్ మాస్టారు:
మిస్ చెప్పిందే సరైనది. దీనికీ మన వర్ణమాలే ఆధారం. పిల్లాడిని గొంతు మీద చెయ్యి పెట్టుకుని ‘క్’, ‘గ్’ అనమనండి. గ్ దగ్గర గొంతు అదురుతుంది, క్ దగ్గర అదరదు. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని మనం చదువుకున్నది ఈ తేడానే. క్రియ చివర అదరని శబ్దం ఉంటే ఈడీ కూడా అదరకుండా ‘ట్’ అవుతుంది: వాక్ట్, జంప్ట్, వాష్ట్. అదిరే శబ్దం ఉంటే ‘డ్’: ప్లేడ్, బెగ్డ్, రెయిన్డ్. చివర ముందే ట్ గానీ డ్ గానీ ఉంటే రెండూ అతుక్కుపోతాయి కాబట్టి మధ్యలో ఇకారం వస్తుంది: వాంటిడ్, నీడిడ్.

బహువచనం ఎస్‌దీ ఇదే పద్ధతి. క్యాట్స్‌లో ‘స్’, డాగ్స్‌లో నిజానికి ‘జ్’. చ్, ష్, స్, జ్ లాంటి శబ్దాల తర్వాత మాత్రం ‘ఇజ్’ వస్తుంది: వాచిజ్, బస్సిజ్. ‘వాచ్‌స్’ అనమని మీ వాడిని అడగండి, అనలేడు. స్పెల్లింగులో అక్కడ ఈఎస్ ఎందుకు పెడతారో అప్పుడు వాడే చెప్తాడు.

పలాస నాన్న:
ఇప్పుడే గొంతు పట్టుకుని ఇద్దరం క్, గ్ అంటున్నాం మాస్టారూ. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది.